ఒక్క పిట్టకి విమానం ఆగిపోద్దా? గోదారి మీద దింపేస్తే పోలా?

మొన్న సంక్రాంతికి ఊరొస్తుంటే మేం ఎక్కాల్సిన విమానం నాలుగు గంటలు లేటు. అంతకుముందు అది దిగేటప్పుడు ఇంజిన్‌కి ఏదో పక్షి తగిలిందట, చెక్ చేస్తున్నారట. నాతో మావయ్య ఉన్నాడు. కాట్రేనికోన దగ్గర రొయ్యల చెరువులు ఆయనవి, విమానం ఎక్కడం అది రెండోసారి. గంటన్నర ఓపిక పట్టి ఇక ఉండబట్టలేక, "ఒరే, మన చెరువు మీద రోజూ వంద కొంగలు వాలతాయి, ఒక్క పిట్ట తగిలితే ఇంత విమానం ఆగిపోద్దా?" అన్నాడు. నేను ఏదో చెప్పబోయేలోపే ఇంకోటి అందుకున్నాడు. "పోనీ ఆగిందే అనుకో. కింద గోదారి లేదూ? ఆ అమెరికా ఆయన నదిలో దింపినట్టు దింపేస్తే పోలా?"

ఈ ప్రశ్నలు మావయ్య ఒక్కడివే కావు. 2024 డిసెంబరులో దక్షిణ కొరియా ప్రమాదం, 2025 జూన్‌లో అహ్మదాబాద్ ప్రమాదం జరిగాక నాకు చాలామంది దగ్గర వినబడ్డాయి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక్క పిట్టకి విమానం సాధారణంగా ఏమీ కాదు, కానీ చూడకుండా మళ్లీ ఎగరనివ్వరు. ఇక గోదారి సంగతి, అది పైనుంచి చూస్తే కనిపించేంత నున్నటి రన్‌వే కాదు. ఎందుకో తెలియాలంటే కాస్త లెక్కల్లోకి దిగాలి.

బర్డ్ హిట్ ఎక్కడ జరుగుతుంది, తర్వాత ఏం చేస్తారు

ఎగురుతున్న విమానానికైనా, రన్‌వే మీద పరుగెడుతున్న విమానానికైనా పక్షి తగిలితే దాన్ని బర్డ్ హిట్ అంటారు, బర్డ్ స్ట్రైక్ అన్నా అదే. ఇది విమానాలంత పాత సంగతి. విమానం కనిపెట్టిన అన్నదమ్ముల్లో ఒకడైన ఆర్విల్ రైట్ 1905లోనే ఒక పక్షిని గుద్దాడు. 1912లో కాలిఫోర్నియా తీరంలో కాల్ రాడ్జర్స్ అనే పైలట్ సీగల్ తగిలి కూలిపోయి చనిపోయాడు, పక్షి వల్ల పోయిన మొదటి ప్రాణం అదే అంటారు.

ఈ గుద్దుళ్లలో ఎక్కువ భాగం నేలకి దగ్గరగా, అంటే విమానం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ జరుగుతాయి, ఎందుకంటే పక్షులు తిరిగే ఎత్తు అదే. తొమ్మిది వందల మీటర్లు దాటితే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. 1973లో పశ్చిమాఫ్రికాలో అబిజాన్ మీద 37,000 అడుగుల ఎత్తున ఒక రాబందు విమానానికి తగిలింది, అంత ఎత్తులో దానికేం పనో!

పక్షి తగిలిందని తెలిస్తే దిగిన తర్వాత ఇంజిన్ ముందుండే ఫ్యాన్ రెక్కల్ని ఒక్కొక్కటీ చూస్తారు. అనుమానం ఉంటే బోరోస్కోప్ అనే పరికరం లోపలికి పంపుతారు. సన్నటి గొట్టం, చివర కెమెరా, అచ్చం మనకి ఎండోస్కోపీ చేసినట్టే. పక్షి అవశేషాల్ని కూడా తుడిచి పారెయ్యరు. ఆ ముద్దకి వాళ్ల భాషలో స్నార్జ్ అని ఒక పేరు కూడా ఉంది. ఈకలనీ డీఎన్‌ఏనీ బట్టి అది ఏ జాతి పక్షో, ఎంత బరువుంటుందో తేలుస్తారు. మా నాలుగు గంటల్లో సగమైనా ఆ గొట్టం లోపల తిరగడానికే పోయి ఉంటుంది. అప్పుడు నేనూ తిట్టుకున్నాను, అది వేరే సంగతి.

పిట్ట బరువుకి వేగం తోడైతే: ధాన్యం బస్తా లెక్క

మావయ్యకి మొదట ఎక్కనిది ఇదే. అరకిలో, ముప్పావు కిలో ఉండే గద్ద నలభై టన్నుల విమానాన్ని ఏం చేస్తుంది అని. మనం చూడాల్సింది గుద్దే వేగాన్ని. వేగం రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

విమానం గంటకి 270 కిలోమీటర్ల వేగంతో రన్‌వే వదిలిందనుకుందాం. 700 గ్రాముల గద్ద దానికి ఎదురైతే ఆ గుద్దులో ఉండే శక్తి, 75 కిలోల ధాన్యం బస్తా రెండున్నర మీటర్ల పైనుంచి పడినంత. అంటే లోడు కట్టిన లారీ మీంచి బస్తా జారి పడ్డట్టు. అదే ఐదు కిలోల గూడబాతు అయితే? కొల్లేట్లో ఆటపాక దగ్గర చూసే ఉంటారు, సంచి ముక్కుతో పడవల్లా తేలుతుంటాయి. దానికి లెక్క కడితే అదే బస్తా దాదాపు 19 మీటర్ల నుంచి, అంటే ఆరంతస్తుల మేడ మీంచి పడ్డట్టు. పడేదీ నేల మీద కాదు, గిర్రున తిరుగుతున్న ఫ్యాన్ రెక్క మీదో, పైలట్ ముందున్న అద్దం మీదో. అంత వేగంలో పక్షికి ఎముకా మాంసమూ తేడా ఉండదు, నీళ్ల ముద్దలా చిట్లుతుంది. నిజానికి ఈ చిట్లడమే కొంత నయం, అదే బరువున్న రాయి అయితే ఇంకా ఘోరం.

ఇంజిన్ లోపల ఏమవుతుంది, ముందు జాలీ ఎందుకు పెట్టరు

ఇప్పటి జెట్ ఇంజిన్ ముందు పెద్ద ఫ్యాన్ కనిపిస్తుంది కదా, అది పీల్చిన గాల్లో ఎక్కువ భాగం ఇంజిన్ చుట్టూ ఉన్న ఖాళీలోంచి వెనక్కి పోతుంది. మధ్యలో చిన్న భాగం మాత్రమే లోపలి కోర్‌లోకి వెళ్తుంది. అక్కడ గాలి ఒత్తుకుని, ఇంధనంతో కలిసి మండి, ఆ శక్తితోనే ముందున్న ఫ్యాన్ తిరుగుతుంది. పక్షి బయటి దారిలో పోతే రెక్క వంగుతుందేమో, చప్పుడొస్తుందేమో, కాలిన వాసన క్యాబిన్‌లోకి వస్తుందేమో, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కోర్‌లోకి దూరితేనే గొడవ. అక్కడుండే బ్లేడ్లు చిన్నవి, వరసలు వరసలుగా ఉంటాయి, ఒకటి విరిగితే ఆ ముక్క వెనక వాటిని విరుస్తుంది. గాలి నడక చెడి ఢాం ఢాంమని పేలినట్టు శబ్దాలు, వెనకనుంచి మంటలు. 2022 జూన్‌లో పట్నాలో ఎగిరిన ఒక బోయింగ్ 737 ఇంజిన్ నుంచి నిప్పులు రావడం కింద జనం ఫోన్లలో తీశారు, అదీ పక్షి పనే. పైలట్లు ఆ ఇంజిన్ ఆపేసి రెండోదానితో వెనక్కొచ్చి దింపారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఒక ఇంజిన్ పోయినా రెండోదానితో ఎక్కి, తిరిగి, దిగగలిగేలానే ఈ విమానాల్ని తయారుచేస్తారు.

మరి బావి మీద వేసినట్టు ఇంజిన్ ముందు జాలీ వేస్తే? ప్రతివాడికీ వచ్చే ఆలోచనే ఇది. ఆరంతస్తుల మీంచి పడే బస్తాని ఆపాలంటే ఆ జాలీ ఎంత లావుండాలో చూడండి. అంత లావుంటే గాలి ఆడదు, పైన చలికి మంచు పేరుకుంటుంది. తెగిందంటే పక్షితో పాటు ఇనుము కూడా లోపలికి పోతుంది.

అందుకని జాలీ కాకుండా ఇంజిన్నే గట్టిగా చేస్తారు, చేసి పరీక్షిస్తారు. చచ్చిన కోళ్లని గాలి ఒత్తిడితో పనిచేసే ఫిరంగిలో పెట్టి తిరుగుతున్న ఇంజిన్లోకి పేలుస్తారు. మనవాళ్లు బరిలో దింపే పుంజు మూడు నాలుగు కిలోలుంటుంది, దాని జోలికి ఎవరూ పోరులెండి. ఈ పరీక్షలో జనం తప్పుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. మధ్యరకం పక్షుల గుంపు దూరితే ఇంజిన్ తన బలంలో కనీసం ముప్పావు వంతు ఇస్తూ ఉండాలి. పెద్ద పక్షి ఒక్కటి దూరితే మాత్రం ఇంజిన్ ఆగిపోవచ్చు, అది పాసైనట్టే! మంట అంటుకోకుండా, ముక్కలు బయటికి ఎగిరి రెక్కనో ఇంధనం ట్యాంకునో కొట్టకుండా బుద్ధిగా ఆగితే చాలు. ఎందుకంటే రెండో ఇంజిన్ ఉంది కదా అనేది లెక్క.

ఈ లెక్క తప్పేది రెండు ఇంజిన్లలోకీ ఒకేసారి పెద్ద పక్షులు దూరినప్పుడు.

హడ్సన్ నది మీద 208 సెకన్లు

2009 జనవరి 15 మధ్యాహ్నం, మన దగ్గర కనుమ దాటి ముక్కనుమలోకి వచ్చిన అర్ధరాత్రి వేళ. న్యూయార్క్ లగార్డియా ఎయిర్‌పోర్టులో యూఎస్ ఎయిర్‌వేస్ 1549 ఎగిరింది. ఎయిర్‌బస్ ఏ320, లోపల 155 మంది. ఎగిరిన రెండు నిమిషాలకి, 2,800 అడుగుల ఎత్తున, కెనడా బాతుల గుంపు ఎదురైంది. ఒక్కోటి మూడున్నర కిలోల పైమాటే. ఆ ఇంజిన్ల పెద్ద పక్షి పరీక్ష 1.8 కిలోల పక్షి ఒక్కదానికే. రెండు ఇంజిన్ల కోర్‌లూ దెబ్బతిన్నాయి.

అప్పటిదాకా నడుపుతున్నది కోపైలట్ జెఫ్రీ స్కైల్స్. కెప్టెన్ చెస్లీ సల్లెన్‌బర్గర్ వెంటనే కంట్రోల్ తీసుకుని, తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్ ఆన్ చేశాడు. కరెంటు పోకుండా, కంప్యూటర్లు పడిపోకుండా ఉన్నది దానివల్లే, జనం సినిమా కథలా చెప్పుకునేటప్పుడు ఈ ముక్క వదిలేస్తుంటారు. స్కైల్స్ ఇంజిన్లు మళ్లీ రాజేసే చెక్‌లిస్ట్ పట్టుకున్నాడు. అది మూడు పేజీలు, చాలా ఎత్తున ఉన్నప్పుడు ఇంజిన్లు పోతే చదువుకోవడానికి రాసింది. మొదటి పేజీ దాటేలోపే నీళ్లొచ్చేశాయి. పక్షులు తగిలిన దగ్గర్నుంచి నది మీద దిగేదాకా 208 సెకన్లు. 155 మందీ బతికారు.

వెనక్కి తిరిగి ఉంటే? మధురపూడి మీద వేసిన లెక్క

రన్‌వేకి తిరిగి రాగలిగేవాడా, అనవసరంగా నీళ్లలో దింపాడా అని అప్పట్లో గట్టి చర్చే జరిగింది. సిమ్యులేటర్‌లో పెట్టి చూస్తే, పక్షులు తగిలిన క్షణమే తిప్పేసిన పైలట్లలో కొందరు రన్‌వే చేరారు. "చేరొచ్చన్నమాట" అన్నవాళ్ల వాదన ఇదే, అది అబద్ధం కాదు. అయితే ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి 35 సెకన్లు కలిపి మళ్లీ చేస్తే చేరలేకపోయారు.

35 సెకన్లకి అంత తేడా ఏమిటో మధురపూడి మీద, అంటే మన రాజమండ్రి ఎయిర్‌పోర్టు మీద చూద్దాం. ఇది ఊరికే వేసుకున్న లెక్క, అక్కడ అలాంటిదేమీ జరగలేదు. ఇంజిన్లు ఆగితే విమానం రాయిలా పడిపోదు, జారుతూ వస్తుంది. ఏ320 రకం ఒక కిలోమీటరు ఎత్తు పోగొట్టుకుంటూ సుమారు 17 కిలోమీటర్లు ముందుకి పోగలదు. అంటే 900 మీటర్ల ఎత్తున ఇంజిన్లు పోతే చేతిలో ఉన్నది 15 కిలోమీటర్లు. ఆ ఎత్తుకి చేరేటప్పటికి రన్‌వే నుంచి ఏడు కిలోమీటర్ల దూరం వచ్చి ఉంటారు. వెనక్కి తిరగాలంటే సెకనుకి 110 మీటర్ల వేగంలో కొట్టే అరచుట్టే ఆరున్నర, ఏడు కిలోమీటర్లు. ఏడూ ఏడూ పద్నాలుగు. కిలోమీటరు మిగిలింది. పక్కకి వాలి తిరుగుతున్నప్పుడు ఎత్తు ఇంకా తొందరగా పోతుంది, ఆ మిగులు అక్కడే ఖర్చు. ఇప్పుడు "ఏమైంది?" అనుకున్న 35 సెకన్లు కలపండి. 110 చొప్పున దాదాపు నాలుగు కిలోమీటర్లు, అదీ రన్‌వేకి దూరంగా పోతూ! దారిలో ఇళ్లమీద పడ్డట్టే.

ఇలాంటివన్నీ చూశాకే అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ నదిలో దింపడమే సరైన నిర్ణయం అని తేల్చింది. నా లెక్క కూడా అటే మొగ్గుతోంది.

కాలవలో పొట్ట తగిలేలా పడ్డవాళ్లకి తెలుసు, నీళ్లు మెత్తగా ఉండవు

విమానాన్ని తప్పనిసరై నీళ్లమీద దింపడాన్ని డిచింగ్ అంటారు. 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి ట్రయల్ వేసిన సీప్లేన్ వేరు, దాని కిందే పడవల్లాంటివి ఉంటాయి, నీళ్లమీద దిగడమే దాని పని. మామూలు విమానానికి అవేవీ లేవు.

చిన్నప్పుడు లాకుల దగ్గర కాలవలోకి దూకినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. తల ముందుపెట్టి దూకితే హాయి, పొట్ట తగిలిందంటే చెంపదెబ్బలా చురుక్కుమని ఎర్రగా కందిపోయేది. హడ్సన్‌లో విమానం నీటిని తాకింది గంటకి 230 కిలోమీటర్ల వేగంతో. చక్రాలు లోపలే ఉంచుకుని, ముక్కు కాస్త పైకి ఎత్తి, రెక్కలు రెండూ సమంగా ఉంచి దింపాలి. ఒక రెక్క ముందు తగిలిందా, అక్కడ పట్టేసి విమానం గిర్రున తిరిగి విరిగిపోతుంది. 1996 నవంబరులో హైజాక్ అయి, ఇంధనం అయిపోయిన ఇథియోపియన్ బోయింగ్ 767 కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో అలాగే విరిగింది. 175 మందిలో 125 మంది పోయారు. దిగకముందే లైఫ్ జాకెట్‌లో గాలి నింపుకున్నవాళ్లు, లోపలికి నీళ్లు రాగానే పైకప్పుకి తేలిపోయి తలుపు దాకా మునిగి ఈదలేకపోయారు. ఎయిర్ హోస్టెస్ "బయటికి వచ్చాకే లాగండి" అని ప్రతిసారీ చెప్పేది ఇందుకే.

హడ్సన్‌లో కూడా అంతా సాఫీగా ఏమీ జరగలేదు. తోక కింది భాగం చిరిగి నీళ్లు లోపలికొచ్చాయి. విమానం అడుగున ఉండే కంతల్ని మూసే డిచింగ్ బటన్ నొక్కడానికి టైమే దొరకలేదు, నొక్కినా ఆ చిరుగు ముందు అది పనికొచ్చేది కాదు. నీళ్లు 5 డిగ్రీలు, బయటి గాలి మైనస్ 7. ఈదుకుంటూ పోదామంటే కుదరని చలి. కానీ అటూ ఇటూ జనాన్ని దాటించే ఫెర్రీలు అక్కడే తిరుగుతున్నాయి, మొదటిది నాలుగు నిమిషాల్లో వచ్చేసింది. పగలు, అల లేని నీళ్లు, పక్కనే పడవలు. ఆరోజు ప్రాణాలు కాపాడినదాంట్లో పైలట్ చెయ్యి ఎంతుందో ఇవీ అంతే ఉన్నాయి.

మరి మన గోదారి?

వెడల్పు చూసి మోసపోతాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మూడున్నర కిలోమీటర్లు ఉందని మనకి గొప్ప. విమానానికి కావాల్సింది తిన్నగా, లోతుగా, అడ్డం లేకుండా పోయే పొడవు. రాజమండ్రి దగ్గర పాత హేవలాక్ బ్రిడ్జి, రోడ్డు కం రైలు బ్రిడ్జి, ఆర్చ్ బ్రిడ్జి, నాలుగో బ్రిడ్జి, తర్వాత బ్యారేజీ. మధ్యలో లంకలు. బ్యారేజీ దిగువన నీళ్లు తగ్గాక వశిష్ఠ పాయ అయినా గౌతమి పాయ అయినా సగం ఇసక మేటలే, మోకాలి లోతు నీటి కింద మేట ఉందో లేదో పైనుంచి ఎవరికి తెలుస్తుంది? వరదల్లో లోతు వస్తుంది, దాంతోపాటు సుడులు, కొట్టుకొచ్చే దుంగలు. పైగా మధురపూడికి గోదారి పక్కనే ఏమీ లేదు, కొన్ని కిలోమీటర్ల దూరం ఉంటుంది.

మనకున్న బలం ఒక్కటే, పడవలు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర టూరిస్టు బోటు మునిగినప్పుడు దొరికినవాళ్లని ముందు బయటికి లాగింది ఒడ్డునున్న ఊళ్లవాళ్లే, తమ పడవలేసుకుని వెళ్లి.

పొలంలో దింపితే? అదీ జరిగింది. 2019 ఆగస్టులో మాస్కో దగ్గర ఉరల్ ఎయిర్‌లైన్స్ ఏ321కి సీగల్స్ తగిలి రెండు ఇంజిన్లూ దెబ్బతింటే, పైలట్లు మొక్కజొన్న చేలో పొట్టమీద దింపారు, 233 మందీ బతికారు. కానీ కోనసీమలో కొబ్బరిచెట్టో, బోదె గట్టో, కరెంటు తీగో అడ్డురాని ఒక కిలోమీటరు ఎవరైనా చూపించండి.

తప్పంతా పిట్టదేనా?

కొరియాలోని మువాన్‌లో 2024 డిసెంబరు 29న జెజు ఎయిర్ 737 ప్రమాదంలో 181 మందిలో 179 మంది పోయారు. రెండు ఇంజిన్లలోనూ వలస బాతుల ఈకలూ రక్తమూ దొరికాయి. కానీ ఆ విమానం చక్రాలు లేకుండా రన్‌వే మీద దిగి, జారుతూ పోయి, చివర్లో యాంటెన్నాలు నిలబెట్టిన కాంక్రీటు దిమ్మెని గుద్దాకే పేలింది. ఆ దిమ్మె అక్కడ లేకపోతే చాలామంది బతికేవాళ్లని ఒక వాదన, అసలు ఆ పరిస్థితి తెచ్చింది పక్షులే కదా అని ఇంకోటి. రెండిట్లోనూ నిజముంది. అహ్మదాబాద్‌లో మొదటి రోజు టీవీల్లో చాలామంది పక్షి అన్నారు, ప్రాథమిక నివేదిక మాత్రం విమానం వెళ్లిన దారిలో చెప్పుకోదగ్గంత పక్షుల సంచారం కనిపించలేదనీ, ఇంజిన్లకి ఇంధనం ఆపే స్విచ్‌లు కటాఫ్‌లోకి మారాయనీ చెప్పింది.

తరిమేస్తే పోదా: చెరువు కాపలావాళ్ల అనుభవం

ఇక్కడ మావయ్యే నాకు పాఠం చెప్పాడు. చెరువు మీద కొంగలు వాలకుండా బాంబులు పేలుస్తారు, పళ్లేలు మోగిస్తారు, పైన తాళ్లు లాగుతారు. "నాలుగు రోజులు బెదురుతాయిరా, ఐదో రోజు చప్పుడైతే తల కూడా ఎత్తవు. మనిషి మారాలి, టైము మారాలి, చోటు మారాలి." ఎయిర్‌పోర్టుల్లో పక్షుల్ని తోలేవాళ్ల ఇబ్బంది కూడా ఇదే. అందుకే తోలడంకంటే తిండి దొరక్కుండా చూడటం మీద ఎక్కువ దృష్టి పెడతారు. గడ్డి ఎత్తు చూసుకోవడం, నీళ్లు నిలవకుండా చేయడం, పురుగుల్ని అదుపులో పెట్టడం. మన దేశంలో అయితే ఎయిర్‌పోర్టుకి పది కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా చెత్త పారబోయకూడదు, బయట మాంసం కోయకూడదు అని నిబంధన. పది కిలోమీటర్లంటే ఎన్ని ఊళ్లు, ఎన్ని ఆదివారం చికెన్ కొట్లు!

చంపేయాలనేవాళ్లూ ఉన్నారు. హడ్సన్ తర్వాత న్యూయార్క్ చుట్టుపక్కల బాతుల్ని పట్టి వేలల్లో చంపారు. గుంపు తగ్గితే ప్రమాదమూ తగ్గుతుంది అన్నది వాళ్ల మాట. ఎదుటివాళ్లు అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ చేసిన పరీక్షను చూపించారు. ఇంజిన్లో దొరికిన ఈకల్ని బట్టి అవి ఊళ్లో కాపురముండేవి కావు, కెనడాలోని లాబ్రడార్ వైపు నుంచి వలసొచ్చినవని తేలింది మరి. ఇక్కడివాటిని చంపితే అక్కడనుంచి వచ్చేవి ఆగుతాయా? కొల్లేరు, కోరంగి, మధ్యలో లక్షల ఎకరాల చేపలూ రొయ్యలూ వరీ ఉన్న మన దగ్గర ఆ వాదన మొదలైతే ఎక్కడ తేలుతుందో ఊహించుకోవచ్చు.

సాయంత్రానికి ఎట్టకేలకి ఎగిరాం. దిగేముందు కుడివైపు కిటికీలో గోదారి కనిపించింది. దాళ్వా దమ్ములు చేస్తున్న ట్రాక్టర్లు, వెనకాల తెల్లటి చుక్కల్లా కొంగలు. మావయ్య నుదురు అద్దానికి ఆనించి బ్రిడ్జిలు లెక్కపెట్టుకున్నాడు. "సగం లంకలేరా" అన్నాడు. తర్వాత ఏమీ అనకుండా సీటు కిందికి చెయ్యి పోనిచ్చి జాకెట్ ఉందో లేదో తడుముకున్నాడు.